మస్టర్‌లో లేని పేర్లు

గోదావరిఖనిలో ఎనభైల నాటి అద్దె పుస్తకాల కొట్లను ఎరిగినవాళ్లు ఇప్పుడు తక్కువే. సైకిల్ రిపేరు షాపు పక్కనో, మంగలి దుకాణం వెనకో రెండు చెక్క బీరువాలు పట్టేంత జాగా దొరికితే చాలు, కొట్టు పెట్టేసేవాళ్లు. డిపాజిట్ కట్టి పేరు రాయించుకుంటే నవల ఇంటికి తెచ్చుకోవచ్చు. పలచటి పాకెట్ బుక్కుకు రోజుకు పావలా. వారపత్రికల్లోంచి చించి బైండు కట్టిన సీరియల్‌కు అర్ధరూపాయి. మొదటి షిఫ్టు ముగించి బొగ్గుబాయిలోంచి పైకి వచ్చినవాళ్లు స్నానం చేసి, చాయ్ తాగి, సాయంత్రం అక్కడికి చేరేవాళ్లు. ఎంత తోమినా గోళ్ల సందుల్లో బొగ్గు పోదు కదా, పేజీల మూలలన్నీ నల్లటి వేలిముద్రలే. ఏ పేజీ దగ్గర ఎక్కువమంది ఆగారో ఆ మరకలు చూసి చెప్పొచ్చు.

ముందు వరసలో డిటెక్టివ్‌లు ఉండేవారు. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్, మధుబాబు షాడో. ఇంట్లో ఆడవాళ్ల కోసమని యద్దనపూడి సులోచనారాణి నవల ఒకటి కలిపి తీసుకుపోయేవాళ్లు. దారిలో వాళ్లే ముందు చదివేవాళ్లు, అది వేరే సంగతి. డిటెక్టివ్ నవల చాలాసార్లు ఎవరో మాయమవడంతో మొదలయ్యేది. ఒక జమీందారు గారి అల్లుడో, బ్యాంకు గుమాస్తానో రాత్రికి రాత్రి కనిపించకుండా పోతాడు. నూట యాభై పేజీల తర్వాత దొరుకుతాడు. బతికైనా దొరుకుతాడు, శవమైనా దొరుకుతుంది. దొరకకపోవడం మాత్రం ఉండదు. ఎప్పుడైనా ఆఖరి కాగితం చిరిగిపోయిన పుస్తకం చేతికి వస్తే కొట్టు దగ్గర పెద్ద పంచాయితీ నడిచేది. కొట్టు ఆయన కోపగించుకోకుండా ముగింపు నోటితో చెప్పేవాడు. ఆయన చెప్పింది రచయిత రాసిందో, ఆయన కల్పించిందో మాకు తెలియదు. మనిషి దొరికాడని వింటే మా మనసు నెమ్మదించేది.

ఆయన బల్ల కింద ఇంకో కట్ట ఉండేది. దాన్ని తెలిసినవాళ్లకే బయటికి తీసేవాడు. వరంగల్ నుంచి వచ్చే ‘సృజన’ సంచికలు, విప్లవ రచయితల సంఘం (విరసం) పత్రిక ‘అరుణతార’, పలచటి అట్టలతో అచ్చైన నవలలు అందులో ఉండేవి. వాటికి అద్దె రాసుకునే పద్ధతి లేదు. తీసుకున్నవాడి పేరు కూడా నోటుపుస్తకంలో ఎక్కించేవాడు కాడు. ఆ కట్టలోనే నేను అల్లం రాజయ్యను మొదటిసారి చదివాను.

అల్లం రాజయ్య మాకు దూరపు మనిషి కాదు. మంథని దగ్గరి గాజులపల్లి ఆయన ఊరు. అప్పుడంతా కరీంనగర్ జిల్లా, ఇప్పుడు గోదావరిఖనితో పాటు మంథని కూడా పెద్దపల్లి జిల్లాలో ఉంది. 1978 సెప్టెంబర్‌లో రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. అక్టోబర్‌లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. దొర గడీకి ఎదురుతిరిగిన ఆ నాటి పల్లె ‘కొలిమంటుకున్నది’లోకి వచ్చింది. తర్వాత ‘ఊరు’, ‘అగ్నికణం’, ‘వసంతగీతం’ వచ్చాయి. పల్లె నుంచి పొట్ట చేతపట్టుకుని బొగ్గుబాయికి వచ్చిన మనుషుల మీద ఆయన కథలు కూడా రాశారు. తుమ్మేటి రఘోత్తమరెడ్డి మాకు ఇంకా దగ్గర. సింగరేణిలో పనిచేస్తూ గోదావరిఖనిలోనే ఉండి రాశారు. ‘పనిపిల్ల’, ‘చావు విందు’ కథలు, ‘నల్లవజ్రం’ నవల ఆయనవి. బాయి దిగే మనిషే కథ రాస్తాడన్న సంగతి మా కాలనీలో చాలామందికి వింతగా ఉండేది. కొందరికి గర్వంగా కూడా ఉండేది.

కొత్త పుస్తకం వచ్చిందన్న కబురు పేపర్లో చూసి తెలుసుకున్నది తక్కువ. రాత్రి షిఫ్టులో టబ్బుల దగ్గర ఒకరు ఇంకొకరి చెవిన వేస్తే తెల్లారేసరికి కాలనీకి చేరేది. హైదరాబాద్ పోయివచ్చినవాళ్లు రామగుండం స్టేషన్లో భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ దిగితే వాళ్ల సంచి వైపు చూసేవాళ్లం. ఒక్క ప్రతి వస్తే అట్ట ఊడిపోయేదాకా తిరిగేది. ఇంటి మీదికి సోదాకు వస్తారన్న పుకారు పుడితే అదే పుస్తకం బియ్యం డబ్బాలోకి, కట్టెల మోపులోకి పోయేది. కొన్ని అక్కణ్నుంచి తిరిగి రాలేదు. చెదలు తిన్నవి ఎన్నో, భయానికి పొయ్యిలో పెట్టినవి ఎన్నో.

ఆ నవలల్లోనూ మనుషులు మాయమవుతారు. ఇల్లు విడిచి అడవి దారి పట్టిన కొడుకులు, అర్ధరాత్రి పోలీసులు పట్టుకుపోయిన కూలీలు. అక్కడ ఏ యుగంధరూ వచ్చి లెక్క తేల్చడు. తల్లి ఎదురుచూస్తూ ఉండగానే కథ ముందుకు సాగిపోతుంది. ముందు వరస నవలలు తప్పిపోయినవాణ్ని వెతికేవి, బల్ల కింద నవలలు వాడు ఎందుకు పోయాడో చెప్పేవి. రెండు రకాలనూ మేం ఒకే వారంలో, ఒకే లైటు కింద చదివాం.

తప్పిపోవడం ఎంత పెద్ద మాటో బాయి మీద బతికే ఊరికి ఒకరు చెప్పాల్సిన పని లేదు. మా నాయిన కోల్ ఫిల్లర్. బాయి దిగే ముందు మస్టర్ పడాలి, అంటే హాజరు. ఆ తర్వాత లాంప్‌రూంలో తన నంబరు లాంపు తీసుకోవాలి. షిఫ్టు దిగి వచ్చాక లాంపు తిరిగి పెడితేనే మనిషి పైకి వచ్చినట్టు. ఒక్క లాంపు తక్కువైతే ఆ నంబరు ఎవరిదని అడుగుతారు, సర్దార్‌ను అడుగుతారు, ఎక్కడ పనిలో పెట్టారో చూస్తారు. భూమి కింద ఏ షిఫ్టులో ఎవరున్నారో రాసిన రిజిస్టర్ ఉండాలని 1952 గనుల చట్టమే చెప్పింది. రెండో షిఫ్టు వాళ్లు పైకి వచ్చే వేళకు సైకిల్ గంటలు వినిపిస్తాయి. మా అమ్మ ఆ గంటలు వినేదాకా తలుపు గొళ్లెం పెట్టేది కాదు.

2003 జూన్ 16న గోదావరిఖని 7ఎల్ఈపీ గనిలోకి పక్కనున్న పాత పని చోట్లలో నిలిచిన నీళ్లు తన్నుకొచ్చాయి. 17 మంది పోయారు. నీళ్లు తోడి మృతదేహాలను పైకి తేవడానికి రోజులు పట్టింది. బాయి గేటు దగ్గర కూర్చున్న కుటుంబాలకు ఎవరు కింద ఉన్నారో మొదటి రోజే తెలుసు. పేర్లు ఉన్నాయి, నంబర్లు ఉన్నాయి. ఆ ఏడుపుకు ఒక చిరునామా ఉంది. బాయి తన కింద ఉన్నవాళ్లను లెక్కపెట్టుకునేది. ఊరికి మాత్రం అలాంటి లాంప్‌రూం లేదు.

బాయి రిజిస్టర్లలో కూడా ఒక చిత్రమైన మాయం ఉండేది. పాత రోజుల్లో పనిలో చేరినవాళ్లు కొందరు సొంత పేరుతో చేరలేదు. అన్న పేరు మీద తమ్ముడు, ఊరివాడి కాగితం మీద ఇంకొకడు చేరిపోయారు. మస్టర్‌లో పలికే పేరు ఒకటి, ఇంట్లో తల్లి పిలిచే పేరు మరొకటి. జీతం రెండో శనివారమో, మొదటి వారమో చేతికి వచ్చినన్నాళ్లు ఎవరికీ ఇబ్బంది లేదు. మనిషి పోయాకో, అన్‌ఫిట్ అయ్యాకో వారసత్వంగా కొడుకు ఉద్యోగానికి పోతే కథ మొదలయ్యేది. తండ్రి పేరు కొడుకు సర్టిఫికెట్‌లో ఒకటుంటుంది, కంపెనీ కాగితంలో ఒకటుంటుంది. మారుపేర్ల సమస్య తీర్చమని యూనియన్లు ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చాయి. ముప్ఫై ఏళ్లు బొగ్గు ఎత్తిన మనిషి, తన పేరుతో ఒక్క కాగితం లేకుండా వెళ్లిపోయాడు. అతను తప్పిపోయాడని ఏ స్టేషన్లోనూ ఫిర్యాదు ఉండదు. తప్పిపోయింది అతని పేరు.

మా వరస క్వార్టర్లలో ఒక పెద్దమ్మ ఉండేది. వరసకు పెద్దమ్మ, బంధుత్వం ఏమీ లేదు. ఆమె చిన్న కొడుకు ఐటీఐ చదువుతుండేవాడు. సింగరేణి కార్మిక సమాఖ్యను మేమంతా సికాస అనేవాళ్లం, అది 1981లో పుట్టింది. ఆ తర్వాతి సంవత్సరాల్లో మా కాలనీల్లో పిల్లలు మీటింగులకు పోవడం, గోడల మీద రాయడం మామూలైంది. ఒకరోజు ఆ అబ్బాయి సైకిల్ వేసుకుని పోయి తిరిగి రాలేదు. సైకిల్ కూడా దొరకలేదు. అడవిలోకి పోయాడని కొందరు, ఎవరో జీపులో ఎక్కించుకుపోయారని కొందరు, బొంబాయిలో చూశామని ఒకరిద్దరు చెప్పారు. అందరి మాటా ఆమె వినేది. ఏదీ కొట్టిపారేసేది కాదు.

ఆమెకు చదువు రాదు. పొద్దున పేపర్ రాగానే నన్ను పిలిచేది. ‘‘బిడ్డా, గా డబ్బాల ఏం రాసిన్రో సదువు’’ అనేది. డబ్బా అంటే పేపర్లో చిన్న గీతల మధ్య వచ్చే ‘కనబడుట లేదు’ ప్రకటన. ఎత్తు అయిదడుగుల అయిదంగుళాలు, చామనఛాయ, ఒంటి మీద నీలం గళ్ల చొక్కా, ఆచూకీ తెలిపినవారికి తగిన బహుమానం. నేను చదువుతుంటే ఆమె కళ్లు మూసుకుని వినేది. ‘‘మనోడు గాదు’’ అని లేచిపోయేది. రైలు పట్టాల మీద, గోదావరి ఒడ్డున గుర్తుతెలియని శవం దొరికిందన్న వార్త ఉంటే దాన్ని దాటేసి చదివేవాణ్ని. ఆమెకు తెలిసిపోయేది. ‘‘అది గూడ సదువు’’ అనేది.

రేషన్ కార్డులో అతని పేరు కొట్టేయనివ్వలేదు. 1991 జనాభా లెక్కలకు వచ్చిన టీచరుతో ఆ పేరు రాయించింది. ‘‘ఊరికి పోయిండు, వస్తడు’’ అని చెప్పింది. టీచరుకు సంగతి తెలుసు, అయినా రాసుకున్నాడు. ఏడేళ్లు ఆచూకీ లేనివాణ్ని చనిపోయినట్టు కోర్టు అనుకోవచ్చని 1872 నాటి సాక్ష్య చట్టంలో ఉండేది. మంచికే చెప్తున్నానని ఒక వకీలు ఆమెకు ఆ మాట వివరించాడు. ఆమె మళ్లీ ఆయన గడప తొక్కలేదు. పేపర్లో ఫొటో వేయించడానికి స్టూడియోలో కాపీలు తీయించింది. గ్రూపు ఫొటోలోంచి అతని ముఖం మట్టుకు కత్తిరించి పెద్దది చేసిన బొమ్మ అది. పక్కనున్నవాడి భుజం సగం అందులో ఉండిపోయింది.

ఆ రోజుల్లో తప్పిపోయినవాళ్ల కోసం ఊరంతా చెవులు రిక్కించి ఉండేది. దూరదర్శన్‌లో ఫొటో చూపించి హిందీలో వివరాలు చదివేవారు. పేరు వేరైనా, భాష వేరైనా పెద్దమ్మ మా ఇంటికొచ్చి టీవీ ముందు కూర్చునేది. 1991 గోదావరి పుష్కరాల్లో మైకు రోజంతా తప్పిపోయిన పిల్లల పేర్లే పలికింది. మేడారం జాతరలో ఇప్పటికీ అలాంటి మైకు ఉంది. సమ్మక్క గద్దెల దగ్గర తప్పిపోయిన ముసలివాళ్లు కూడా తమవాళ్ల ఊరి పేరు చెప్పుకుని మైకు దగ్గరే కూర్చుంటారు. జాతర తప్పిపోయినవాళ్లను కలిపి పంపిస్తుంది. ఆ కాలం మా ఊరికి అంత దయ చూపలేదు.

టెలిగ్రాం సంగతి ఇక్కడే చెప్పాలి. అర్ధరాత్రి పిల్లవాణ్ని ఎవరైనా పట్టుకుపోతే తెల్లారేలోపు తపాలా ఆఫీసుకు పరిగెత్తేవాళ్లు. హైకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఒకటి, కలెక్టరుకు ఒకటి, ఎస్పీకి ఒకటి, హైదరాబాద్‌లోని పౌరహక్కుల సంఘానికి ఒకటి పంపేవాళ్లు. మాటకు లెక్క కాబట్టి ఏడుపంతా పది మాటల్లో కుదించాలి. ఫలానా వాడు, ఫలానా చోట, ఫలానా వేళకు, ప్రాణానికి ముప్పు. ఆ రసీదు మీది ముద్రలో తేదీ, వేళ ఉంటాయి. మేం పట్టుకోలేదని తర్వాత ఎవరైనా అంటే ఆ రసీదే సాక్ష్యం. కె.జి. కన్నబిరాన్ లాంటి న్యాయవాదులు అలాంటి కాగితాల ఆధారంగా హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్లు వేసేవారు. 2013 జులైలో దేశంలో టెలిగ్రాం ఆగిపోయినప్పుడు పేపర్లు పెళ్లి శుభాకాంక్షల గురించీ చావు కబుర్ల గురించీ రాశాయి. మా వైపు అది ప్రాణం కాపాడమని పెట్టే అర్జీ కూడా.

పౌరహక్కుల సంఘం నిజనిర్ధారణ నివేదికలు ఇంకో రకం పుస్తకాలు. ఊరు, తేదీ, సాక్షుల మాట, సంతకాలు. వాటిని రాసినవాళ్లు నవలాకారులు కారు. కానీ ఒక్క సైకిల్ ఎక్కడ దొరికింది, చొక్కా ఏ రంగుది అని అంత ఓపికగా అడిగినవాళ్లను నేను డిటెక్టివ్ నవలల్లోనే చూశాను. ఆ పనికి వాళ్లు చెల్లించిన ధర చిన్నది కాదు. సంఘంలో పనిచేసిన పిల్లల డాక్టరు రామనాథంను 1985 సెప్టెంబర్ 3న వరంగల్‌లో ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. హక్కుల కార్యకర్త బాలగోపాల్ బతికినన్నాళ్లు ఊరూరా తిరిగి అడుగుతూనే ఉన్నారు, 2009 అక్టోబర్‌లో కన్నుమూశారు. అరెస్టు చేసినప్పుడు మెమో రాయాలి, ఇంటివాళ్లకు తెలపాలి అని డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది 1996 డిసెంబర్‌లో. అప్పటికి మా పెద్దమ్మ పేపరు వినడం మానేసి కొన్నాళ్లయింది.

బల్ల కింద కట్టలో నేను రెండుసార్లు అడిగి తీసుకున్న పుస్తకం ‘ఏడు తరాలు’. 1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తొలినాళ్లలో తెచ్చిన పుస్తకం అది. అలెక్స్ హేలీ ‘రూట్స్’కు సహవాసి చేసిన తెలుగు. డప్పు చేయడానికి కట్టె కోసం అడవికి పోయిన కుంటా కింటే అనే కుర్రవాణ్ని బానిసల వ్యాపారులు ఎత్తుకుపోతారు. ఊళ్లో తల్లి ఎదురుచూస్తుంది. అమెరికాలో అతని పేరే మార్చేస్తారు. అతను మాత్రం తన కూతురికి సొంత పేరు, తన నది పేరు చెప్పి పెడతాడు. ఆ రెండు మూడు మాటలే నోటి నుంచి నోటికి దిగి ఏడో తరంలో ఒక రచయిత దగ్గరికి వస్తాయి. ఆయన వాటిని పట్టుకుని గాంబియా దాకా పోయి వెతుకుతాడు. హేలీ వెతుకులాటలో చరిత్ర ఎంత, కల్పన ఎంత అని చరిత్రకారులు తర్వాత గట్టిగానే ప్రశ్నించారు. మారుపేర్ల మధ్య పెరిగిన నాకు అందులో ఒక్క సంగతి చాలు. పేరు ఎవరికో ఒకరికి చెప్పి పోతే వెతికేవాడు ఎప్పటికైనా పుడతాడు.

అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన ‘కొమురం భీం’ కూడా అలాంటి వెతుకులాటే. భీం 1940లో జోడెఘాట్‌లో నిజాం పోలీసుల తూటాలకు నేలకొరిగాడు. నలభై ఏళ్ల తర్వాత గోండు గూడేల్లో పెద్దల నోట మిగిలిన మాటలు ఏరుకుని ఆ నవల కట్టారు. ప్రభుత్వ కాగితాల్లో తిరుగుబాటుదారుగా ఉన్న మనిషి ఆ నవలతో ఇంటి మనిషయ్యాడు. నవలాకారుడు చేయగలిగిన పని ఇదేనని నేను నమ్ముతాను. పోయినవాణ్ని తెచ్చి ఇవ్వలేడు. వాడు ఏ తల్లి కొడుకో, ఏ తొవ్వలో పోయాడో, పోయిన నాడు ఊరు ఎట్లా ఉండెనో రాసి పెట్టగలడు.

ఇప్పుడు గోదావరిఖనిలో వెతికితే ఏం దొరుకుతుంది? ఒకప్పుడు సింగరేణిలో లక్ష దాటిన కార్మికులు ఇప్పుడు నలభై వేలకు అటూఇటూ. భూగర్భ గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఓపెన్‌కాస్ట్‌ల కింద పల్లెలకు పల్లెలే పోయాయి, ‘ఊరు’ నవలలో ఉన్నలాంటి ఊళ్లే. అద్దె పుస్తకాల కొట్టు జాగాలో మొబైల్ రీచార్జి బండి వచ్చింది, తర్వాత అదీ పోయింది. తప్పిపోయినవాళ్ల ఫొటోలు పేపరు డబ్బాల్లోంచి వాట్సాప్‌లోకి మారాయి. ముఖాలు పోల్చి వెతికే ‘దర్పణ్’ అనే సాధనం తెలంగాణ పోలీసులకు ఉంది, దాంతో ఎక్కడో హోమ్‌లో ఉన్న పిల్లలు ఇల్లు చేరుతున్నారు. సంతోషమే. అయితే ఆ యంత్రానికి పోల్చుకోవడానికి ఫొటో కావాలి, వెతకమని రాసిచ్చిన కాగితం కావాలి. ఎనభైల్లో పోయినవాళ్లలో ఎందరికి ఆ రెండూ ఉన్నాయి? బలవంతంగా మాయం చేయడానికి వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి 2006 డిసెంబర్‌లో ఆమోదించిన ఒప్పందంపై మన దేశం 2007 ఫిబ్రవరిలో సంతకం పెట్టింది. దాన్ని ధ్రువీకరించడం మాత్రం ఇప్పటికీ జరగలేదు.

పెద్దమ్మ పోయింది. క్వార్టర్ ఖాళీ చేసేటప్పుడు ఆమె పెద్ద కొడుకు పాత రేషన్ కార్డు నా చేతికి ఇచ్చి, ఇది మాకెందుకన్నాడు. నేను తీసుకున్నాను. అందులో తమ్ముడి పేరు చెక్కు చెదరలేదు.

కోల్‌బెల్టులో పెరిగినవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. మీ ఇంట్లో పాత ‘సృజన’ సంచికలున్నా, అట్టలు ఊడిన నవలలున్నా, నిజనిర్ధారణ కరపత్రాలున్నా, టెలిగ్రాం రసీదులున్నా పాత పేపర్ల బండికి వేయకండి. దగ్గరలోని గ్రంథాలయానికి ఇవ్వండి, లేదా ఫొటో తీసి నలుగురి దగ్గర ఉంచండి. మీ తండ్రి బాయిలో మారుపేరుతో పనిచేసి ఉంటే అసలు పేరు, మస్టర్ పేరు రెండూ ఒక కాగితం మీద రాసి మీ పిల్లలకు ఇవ్వండి. మీ ఇంట్లోంచో, మీ వాడకట్టులోంచో ఎవరైనా పోయి రాకుండా ఉంటే వాళ్ల పేరు, ఏ ఏడాది పోయారో, చివరిసారి ఎవరు చూశారో రాసి పెట్టండి. రేపు నవల రాయాలనుకునేవాడికి మొదట కావాల్సింది ఆ కాగితమే.